‘గ్రౌండ్ గ్లాస్’ అని రాస్తే ఊపిరితిత్తులు పాడైనట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. కోవిడ్ వచ్చిన ఆరో రోజున ఛాతీ సీటీ తీయిస్తే ‘రెండువైపులా గ్రౌండ్ గ్లాస్ ఒపాసిటీలు, స్కోరు 9/25, కో-ర్యాడ్స్ 5’ అని రాశారు. ఇప్పటికి నాలుగు వారాలైంది. జ్వరం లేదు, ఆక్సిజన్ 97 ఉంటోంది. కానీ ‘5 అంటే ఆఖరి స్టేజీ’ అని ఎవరో అన్నప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. మళ్లీ సీటీ తీయించమంటారా మేడమ్?

జవాబు: ముందు ఆ 5 సంగతి నాన్నగారికి ఈ రాత్రే చదివి వినిపించండమ్మా. కో-ర్యాడ్స్ జబ్బు తీవ్రతకు కొలత కాదు. 2020లో నెదర్లాండ్స్ రేడియాలజిస్టులు తెచ్చిన ఈ లెక్క, సీటీ బొమ్మ చూసి కోవిడ్ అని ఎంతవరకు అనుమానించవచ్చో మాత్రమే చెబుతుంది. చిన్న చిన్న మచ్చలు కొన్నే ఉన్నా 5 పడొచ్చు.

తీవ్రత చెప్పేది 9/25. ఊపిరితిత్తుల్లో కుడివైపు మూడు, ఎడమవైపు రెండు లోబ్‌లు, అంటే భాగాలు, ఉంటాయి. ఒక్కోదానిలో ఎంత మేర మసకబారిందో కంటితోనే అంచనా కట్టి 5కి మార్కులు వేస్తాం. అదే సీటీకి ఇంకో డాక్టరు 8 వేయొచ్చు, 10 వేయొచ్చు.

ఇక గ్రౌండ్ గ్లాస్. స్నానాలగది కిటికీకి గరుకు గాజు వేస్తారు చూడండి, వెనక మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ముఖం తెలియదు. సీటీలో గాలి నల్లగా ఉంటుంది. గాలిగదుల్లో కాస్త నీరో వాపో చేరితే అక్కడ బూడిదరంగు మసక వస్తుంది, అందులోంచి రక్తనాళాలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. అవి కూడా కనిపించనంత తెల్లబడితే దాన్ని కన్సాలిడేషన్ అంటాం. ఫ్లూలోనూ, గుండె బలహీనమై నీరు చేరినప్పుడూ, కొన్ని మందుల వల్లా ఈ మసక రావచ్చు. ఒక్కోసారి అసలు జబ్బే ఉండదు. ఒకావిడ సీటీలో వెనకవైపు అంచంతా మసకగా కనిపించింది. బోర్లా పడుకోబెట్టి, నిండుగా ఊపిరి బిగపట్టమని మళ్లీ తీయించాను. మొత్తం పోయింది! వెల్లకిలా పడుకోవడంతో కిందివైపు ఊపిరితిత్తి అణిగిందంతే. తొందరపడి రిపోర్టు పంపేసి ఉంటే ఆవిడ ఎన్ని రాత్రులు ఏడ్చేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మళ్లీ సీటీ ఇప్పుడొద్దు. మనిషి కోలుకున్నంత త్వరగా బొమ్మ బాగుపడదు. సీటీలో మిగిలిన మసక, గీతలు కరగడానికి నెలలు పట్టొచ్చు. ఇప్పుడు తీస్తే ఏదో ఒకటి కనిపిస్తుంది, ఇంట్లో మళ్లీ టెన్షన్. రేడియేషన్ కూడా ఎక్స్‌రే కంటే పదుల రెట్లు ఎక్కువ. దానికి బదులు వేలికి ఆక్సీమీటర్ పెట్టి ఆరు నిమిషాలు నడిపించండి. ఆక్సిజన్ 3, 4 పాయింట్లు పడినా, ఆయాసం పెరుగుతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. మూడు నెలలు దాటినా దగ్గో ఆయాసమో ఉంటే అప్పుడు సీటీ తీయించాల్సి రావచ్చు. అందుకే పాత సీడీ జాగ్రత్తగా దాచండి. పక్కపక్కన పెట్టి పోల్చాలంటే మాకు రిపోర్టు కాగితం చాలదు, ఆ బొమ్మలే కావాలి.