దారిలో ఇంజను ఆగిపోయిన బోటు కనిపిస్తే ఆగాలా, వెళ్ళిపోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: యానాం వైపు గోదావరిలో షికారు బోటెక్కారు. దారిలో ఇంజను ఆగిపోయిన చిన్న బోటు ఒకటి కనిపించింది, అందులో ఇద్దరు చేతులు ఊపారు. మీ బోటు నడిపే అతను "వెనక ఎవరో ఒకరు వస్తార్లెండి" అంటూ స్పీడు కూడా తగ్గించకుండా పోనిచ్చాడు. అది తప్పా? ఆగితే ఏం చేయాలి? లాక్కొచ్చినందుకు డబ్బులు అడగొచ్చా?

తప్పే. అందులో రెండో మాట లేదు. కాకపోతే ఆగడం వేరు, తాడు కట్టి లాక్కురావడం వేరు. ఈ తేడా తెలియక, "ఇంతమందిని ఎక్కించుకుని నేనెలా లాగుతాను" అనుకుని అసలు ఆగడమే మానేసేవాళ్ళు చాలామంది.

మాది కాకినాడ, జగన్నాథపురం వైపు. వేట కుటుంబం. చదువు మధ్యలో ఆపేసి దాదాపు పదేళ్ళు మావయ్య బోటు మీద తిరిగాను. సముద్రంలో సాయం కోసం ఎదురుచూశాను, తర్వాత సాయం చేశాను కూడా. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

2009 నవంబరు. ఐదుగురం, ఫైబర్ బోటు. భైరవపాలెం దాటి తూర్పుకి వెళ్ళాం. వల లాక్కుని తిరిగి వస్తుంటే, ఎవరో వదిలేసిన పాత వల ముక్క ప్రొపెల్లర్‌కి చుట్టుకుంది. చూసుకునేలోపే ఇంజను మూలిగి ఆగిపోయింది. మావయ్య నీళ్ళలోకి దిగి, కత్తితో ఆ నైలాను పోగులన్నీ కోసేశాడు. ఇంజను స్టార్టయింది గానీ ప్రొపెల్లర్ తిరగలేదు. లోపల గేరు పోయింది. అప్పటికి మధ్యాహ్నం రెండు. ఈశాన్యం గాలి గట్టిగా కొడుతోంది. ఆ రోజుల్లో గాలీ, నీటి వడీ రెండూ కలిసి గోదావరి మొగ దగ్గరున్న ఇసుక మేటల వైపు తోస్తాయి. అక్కడ అల విరిగిందంటే మా బోటు లాంటిది నిలవదు. లంగరు వేశాం, తాడు పొడవు చాలక అది నేలని పట్టుకోలేదు.

మూడున్నరకి ఒక బోటు కనిపించింది. మావయ్య చొక్కా విప్పి, తెడ్డుకి కట్టి ఊపాడు. వాళ్ళు చూశారు. ఒకతను లేచి నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూశాడు. ఆగలేదు. తర్వాత ఇంకో పెద్ద మరబోటు దూరంగా పోయింది, వాళ్ళకి మేం కనబడి ఉండకపోవచ్చు. కానీ ఆ మొదటి బోటు పోయాక మాలో ఎవరికీ నోట మాట రాలేదు. అలలకన్నా ఎక్కువ భయపెట్టింది అదే. మీరు రాసిన ఆ ఇద్దరి గురించి చదవగానే నాకు ఆ సాయంత్రమే గుర్తొచ్చింది.

పొద్దు గూకుతుండగా విశాఖ వైపు మరబోటు ఒకటి మా వైపు తిరిగింది. నడిపే ఆయనకి అరవై దాటి ఉంటాయి. నేరుగా మా మీదకి రాలేదు. దూరం నుంచే ఒక చుట్టు తిరిగి, మా వల ఏమైనా నీళ్ళలో తేలుతోందేమో చూసుకుని, గాలికి ఎదురుగా మెల్లగా వచ్చి ఓ నలభై యాభై అడుగుల దూరంలో ఇంజను న్యూట్రల్ చేశాడు. అక్కణ్ణించి గట్టిగా కేకేశాడు: "బావా, మనుషులందరూ ఉన్నారా?" అందరం ఉన్నామన్నాడు మావయ్య. "దెబ్బలేమైనా తగిలాయా?" లేదన్నాం. "తాగడానికి నీళ్ళున్నాయా?" అప్పుడు మావయ్య గొంతు పూడుకుపోయింది. నేనే లేవని చెప్పాను. ఇంజను సంగతి ఆయన ఆ తర్వాతే అడిగాడు.

ఖాళీ డబ్బాకి సన్న తాడు కట్టి మా వైపు విసిరారు. అది తేలుకుంటూ మా దగ్గరకొచ్చింది. ఆ తాడు లాగితే దాని వెనక ఒక నీళ్ళ క్యాన్, టిఫిన్ డబ్బాలో అన్నం, ఎండుచేపల పులుసు వచ్చాయి. మోకు దాని తర్వాతే వచ్చింది. నీటి మీద మర్యాద అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ వరుసే చెబుతాను. ముందు మనుషులు, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత బోటు.

అర్ధరాత్రి దాటాక కాకినాడ చేరాం. వాళ్ళు ఆ రాత్రి వేట పూర్తిగా వదులుకున్నారు. రేవులో మావయ్య డబ్బులు తీస్తే ఆయన ముట్టుకోలేదు. తెల్లారాక మావయ్య వాళ్ళ బోటుకి డీజిల్ కొట్టించాడు, ఐసు వేయించాడు. దానికి మాత్రం ఆయన అడ్డు చెప్పలేదు.

మీ డబ్బుల ప్రశ్నకి నా జవాబు ఇందులోనే ఉంది. ఆగినవాడికి నిజంగానే నష్టం వస్తుంది. డీజిల్ కాలుతుంది, ఐసు కరిగిపోతుంది, వేట పోతుంది. అది భరించాల్సింది సాయం అందుకున్నవాడే. వాడు అడిగించుకోకుండా ఇవ్వాలి. కానీ అవతలి మనిషి ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఉన్నప్పుడు, తాడు విసరకముందే రేటు మాట్లాడకూడదు. లెక్కలు రేవులో, ఊరి పెద్దల ముందు చూసుకోవచ్చు. అంతర్జాతీయంగా కూడా ఇదే పద్ధతి: 1989 నాటి సాల్వేజ్ ఒప్పందం ప్రకారం కాపాడిన బోటుకి, సరుకుకి ప్రతిఫలం అడగొచ్చు, ప్రాణాలతో బయటపడ్డ మనుషుల దగ్గర మాత్రం పైసా అడగకూడదు. సముద్రంలో ఆగడం కూడా కేవలం మర్యాద కాదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందంలో 98వ అధికరణం ఉంది. తన ఓడకి, సిబ్బందికి, ప్రయాణికులకి పెద్ద ప్రమాదం లేనంతవరకూ, ఆపదలో ఉన్నవాళ్ళని ఆదుకోవడం ఓడ నడిపేవాడి బాధ్యతగా దేశాలు చూడాలని అది చెబుతుంది.

నదిలో అయితే అంతకన్నా తొందరగా కదలాలి, ఎందుకంటే అక్కడ టైమ్ నిమిషాల్లో ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల టూరిస్టు బోటు మునిగినప్పుడు గోదావరి వరద మీద ఉంది. ఆ రోజు ప్రాణాలతో బయటపడ్డ 26 మందిలో చాలామందిని ఒడ్డుకి చేర్చింది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, తమ చిన్న పడవల్లో. "వెనక ఎవరో వస్తారు" అని వాళ్ళు అనుకుని ఉంటే?

ఇప్పుడు మీ బోటతని సంగతి. జనాన్ని ఎక్కించుకున్న బోటు ఇంకో బోటుని లాగకూడదు, అది నిజమే. అతని మొదటి బాధ్యత మీరే. కానీ స్పీడు తగ్గించి, కాస్త దూరంలో నిలిపి, "ఏమైందన్నా, అందరూ బాగానే ఉన్నారా?" అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. బోటులోకి నీళ్ళు రావడం లేదు, లంగరు పట్టింది, మనుషులు క్షేమం అంటే రేవుకి ఫోన్ చేసి, ఆ చోటు గుర్తు చెప్పి, వాళ్ళకి "ఫలానా బోటు వస్తోంది" అని చెప్పి వెళ్ళొచ్చు. మునిగేలా ఉంటే మాత్రం సాయం వచ్చేదాకా కనుచూపు మేరలో ఉండాలి. అసలు స్పీడు తగ్గించకపోవడం ఇంకో తప్పు. పెద్ద బోటు జోరుగా పోతే వెనక లేచే అల, ఇంజను లేని చిన్న బోటుకి అడ్డంగా తగిలిందంటే బోల్తా కొట్టించగలదు.

లాగడం గురించి చెప్పాలంటే, నేను చేసిన తప్పు చెబుతాను. 2014లో ఉప్పాడ ఎదురుగా ముగ్గురున్న ఫైబర్ బోటుని లాక్కొస్తున్నాం. మా ఐసు కరిగిపోతోంది, చేప పాడైపోతుందని నాకు టెన్షన్. స్పీడు పెంచాను. మోకు కూడా పొట్టిగా కట్టాం. ఒక అల మీద మేం ఎక్కిన సమయానికి వాళ్ళ బోటు పల్లంలోకి దిగింది. తాడు ఒక్కసారి బిగుసుకుని, వాళ్ళ ముందున్న తాడు కట్టే గుంజని పీకేసింది. అది ఎగిరొచ్చి మా కుర్రాడి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. ఒక్క అంగుళం ఇటు తగిలి ఉంటే సాయానికి వెళ్ళి శవంతో తిరిగొచ్చేవాళ్ళం. నైలాను మోకు సాగుతుంది, తెగినప్పుడు కొరడాలా వెనక్కి కొడుతుంది. అందుకే బిగుసుకున్న తాడుకి సూటిగా ఏ బోటులోనూ ఎవరూ నిలబడకూడదు.

అప్పటినుంచి నేను పాటించేది ఇదీ. మోకు పొడుగ్గా వదలాలి, రెండు బోట్లూ ఒకే సమయంలో అల ఎక్కి ఒకే సమయంలో దిగేలా సరిచూసుకోవాలి. నడక వేగంతో మొదలుపెట్టి, తాడు మెల్లగా బిగిశాకే కొద్దికొద్దిగా పెంచాలి. వెనక బోటులో వాళ్ళు బరువు వెనక్కి జరుపుకుని కూర్చోవాలి, ఔట్‌బోర్డు ఇంజనయితే నీళ్ళలోంచి పైకి లేపుకోవాలి, లైఫ్ జాకెట్లు వేసుకునే ఉండాలి. తాడు గట్టి చోటే కట్టాలి. అవసరమైతే క్షణంలో విప్పగలిగేలా, లేదా కోసేయడానికి కత్తి చేతిలో పెట్టుకుని ఒకడు కూర్చోవాలి. గాలి ఎదురుగా ఉండేలా దగ్గరికి వెళ్తే మన బోటు మన మాట వింటుంది. గాలి వెనకనుంచి తోస్తుంటే పోయి వాళ్ళ మీదే పడతాం. అల ఎక్కువగా ఉంటే బోటు సంగతి మరచిపోండి. మనుషుల్ని ఎక్కించుకుని, బోటుకి ఒక తేలే డబ్బా కట్టి వదిలేయండి. ఫైబర్ బోటు ఇంకొకటి కొనుక్కోవచ్చు.

నీళ్ళలో మనిషి ఉంటే, దగ్గరికి చేరగానే ప్రొపెల్లర్ ఆపాల్సిందే. ఈత వచ్చు కదా అని దూకకండి. మునుగుతున్నవాడు దొరికింది పట్టుకుంటాడు, అది మీ మెడ కావచ్చు. మూత బిగించిన ఖాళీ క్యాన్‌కి తాడు కట్టి విసిరితే చాలు.

ఇంకొక మర్యాద, దీని గురించి ఎవరూ మాట్లాడరు. అవతలి బోటు వాళ్ళని అడగకుండా ఎక్కేయడం, వాళ్ళ ఇంజను మీద చెయ్యి వేయడం, "డీజిల్ చూసుకోలేదా, ఆమాత్రం తెలీదా" అని నీటి మీదే క్లాసు పీకడం చేయకూడదు. ఇప్పుడైతే సెల్‌ఫోన్లో వీడియో తీయడం ఒకటి మొదలైంది. వణికిపోతున్న మనిషి ముఖం మీద కెమెరా పెట్టడం చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ఆ విశాఖ పెద్దాయన దారంతా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. రేవులో దిగాక మావయ్యని పక్కకి తీసుకెళ్ళి, "లంగరు తాడు ఇంకాస్త పొడుగు పెట్టుకో బావా" అని మాత్రం అన్నాడు.

రేపు మీరే చిక్కుకుంటే ముందు లంగరు వేయించండి, కొట్టుకుపోకుండా ఉంటే వెతికేవాళ్ళకి దొరుకుతారు. బోటు తేలుతున్నంతసేపు దాన్ని వదలొద్దు. ఒడ్డు దగ్గరగానే కనిపిస్తోందని ఈదడానికి దిగితే వడి లాక్కుపోతుంది. రెండు చేతులూ పక్కలకి చాపి మెల్లగా పైకీ కిందకీ ఆడిస్తే అది ప్రపంచమంతటా ఆపద గుర్తే. ఒక చెయ్యి ఊపితే టాటా చెబుతున్నారనుకునే ప్రమాదం ఉంది. సముద్రంలో అయితే కోస్ట్ గార్డ్ టోల్ ఫ్రీ నంబరు 1554, నదిలో అయితే 112. వీహెచ్‌ఎఫ్ సెట్టు, అంటే బోటులో పెట్టుకునే రేడియో ఉంటే 16వ ఛానల్. సెల్ సిగ్నల్ అందనంత లోపలికి వేటకెళ్ళే మనవాళ్ళ కోసం ఇస్రో తయారుచేసిన డాట్ పరికరం ఉంది. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా కబురు వెళ్ళి కోస్ట్ గార్డ్‌కి చేరుతుంది. 2024లో వచ్చిన రెండో తరం పరికరంలో, మీ కబురు అందిందని తిరిగి జవాబు కూడా వస్తుంది. సాయం వస్తోందని తెలిస్తే ఆ బోటులో ఉన్నవాళ్ళకి ఎంత ధైర్యమో నేను చెప్పగలను. 2009లో మాకు ఆ ఒక్క మాట అంది ఉంటే మావయ్య అంత కుంగిపోయేవాడు కాదు.

ఇక మీరు చేయాల్సింది. ఈసారి అలా జరిగితే మొహమాటపడకుండా "అన్నా, ఒక్క నిమిషం ఆపు, అడిగి వెళ్దాం" అనండి. పది మంది ప్రయాణికులు ఒక్క మాట మీద ఉంటే ఏ బోటతనూ కాదనడు. ఆలస్యమైతే అయింది. మీరు వెళ్ళింది ఎప్పుడో రాయలేదు గానీ, ఈ మధ్యే అయితే మీరు బోటెక్కిన రేవుకి ఒకసారి ఫోన్ చేయండి. ఆ ఇద్దరూ ఒడ్డుకి చేరారో లేదో కనుక్కుని, వీలైతే ఇక్కడ కింద రాయండి. నేనూ చూస్తుంటాను.