నీళ్లు ఆపడం కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి

ప్రశ్న: మా ఏడేళ్ల లాబ్రడార్ ఆడకుక్కకు వచ్చే వారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఉంది. ముందురోజు రాత్రి నుంచి నీళ్లు కూడా ఆపాలా? పొద్దున కాస్త పెరుగన్నం పెట్టవచ్చా? నెల క్రితం హీట్ (ఎదకు రావడం) అయిపోయింది. వారంగా నీళ్లు ఎక్కువ తాగుతోంది, తిండి తగ్గించింది. కాలు కుంటుతుంటే ఇంట్లో ఉన్న ఐబూప్రొఫెన్ నొప్పి మాత్ర రెండు రోజులు వేశాం.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది పెరుగన్నం గురించే అయినా, చివర్లో రాసిన మాటలే నన్ను కలవరపెడుతున్నాయి. హీట్ ముగిసిన నెలా రెండు నెలల్లో ఆడకుక్క నీళ్లు అతిగా తాగుతూ తిండి తగ్గిస్తే, గర్భసంచిలో చీము పట్టిందేమోనని, అంటే పయోమెట్రా అని, మేము ముందుగా అనుమానిస్తాం. గర్భాశయ ముఖద్వారం మూసుకుపోయి ఉంటే చీము బయటికి కారదు కాబట్టి, ఏమీ కనిపించడం లేదని ధైర్యంగా ఉండటానికి లేదు. కిడ్నీ జబ్బు, మధుమేహం, చివరికి మీరు వేసిన మాత్ర కూడా కారణం కావచ్చు. చూడకుండా ఇదేనని నేను చెప్పలేను. వచ్చే వారం దాకా ఆగకుండా ఈరోజే మీ పశువైద్యునికి చూపించి, స్కానింగ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, ప్లేట్‌లెట్లతో సహా రక్తపరీక్ష చేయించండి. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అది తెలియకుండా కోత పెడితే రక్తం ఆగకపోవచ్చు.

ఇక ఆ మాత్ర. మనకు పనిచేసింది కుక్కకూ పనిచేస్తుందన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, వారానికి ఒకరైనా ఇదే చెబుతారు. ఐబూప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలకు అందే రక్తాన్ని తగ్గిస్తుంది. మత్తులో రక్తపోటు ఎలాగూ కొంత పడిపోతుంది కాబట్టి, దెబ్బ రెండు వైపుల నుంచీ కిడ్నీల మీదే పడుతుంది. పైగా ఆపరేషన్ తర్వాత మేమిచ్చే నొప్పి మందు సాధారణంగా అదే జాతిది. ఒకదాని వెంట ఒకటి పడితే కడుపులో రక్తస్రావం కావచ్చు. పిల్లులకైతే ఒక్క పారాసిటమాల్ మాత్ర ప్రాణం తీయగలదు. తిడతారని భయపడి చాలామంది ఇంట్లో మాత్ర వేసిన సంగతి దాస్తారు. తిట్టవచ్చు, అయినా చెప్పండి.

మీ ప్రశ్నకు వస్తే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు మత్తుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ముందు తిండి ఆపమని సాధారణంగా చెబుతాం. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పెరుగన్నమూ తిండే. నీళ్లు మాత్రం రాత్రంతా ఆపనక్కర్లేదు, ఇంతగా దప్పికగొన్న కుక్కకైతే అసలే ఆపకూడదు. గంటలు మాత్రం మత్తు ఇచ్చే డాక్టరే నిర్ణయించాలి. ఇంకో మాత్ర వేయకండి, ఆ స్ట్రిప్ వెంట తీసుకెళ్లి ఎన్ని వేశారో, ఆఖరిది ఎప్పుడు వేశారో చెప్పండి.