బాణసంచాపై నమ్మదగిన పుస్తకాలు

ప్రశ్న: దీపావళికి కాల్చడంతో సరిపెట్టుకోక, బాణసంచా వెనకనున్న శాస్త్రాన్నీ చరిత్రనూ చదవాలని ఉంది. ఏ పుస్తకాలతో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: డిగ్రీ స్థాయి రసాయన శాస్త్రం తెలిసి ఉంటే, జాన్ కాంక్లింగ్ 1985లో ప్రచురించిన ‘కెమిస్ట్రీ ఆఫ్ పైరోటెక్నిక్స్’తో మొదలుపెట్టండి. స్ట్రాన్షియం ఎరుపునూ బేరియం ఆకుపచ్చనూ ఎందుకిస్తాయో, వేడి మితిమీరితే రంగునిచ్చే రాగి సమ్మేళనం విచ్ఛిన్నమై మంచి నీలిరంగు ఎందుకంత కష్టమవుతుందో అటువంటి పుస్తకం చదివితేనే బోధపడుతుంది. జపాను నిపుణుడు తకెయో షిమిజు రచన దాని తరువాతే చదవదగినది.

చరిత్రకు మాత్రం పి.కె. గోడే 1953లో వెలువరించిన చిన్న గ్రంథాన్ని మించినది నాకు కనిపించలేదు, ఒడిశా రాజు గజపతి ప్రతాపరుద్రుని (మన కాకతీయ ప్రతాపరుద్రుడు కాదు సుమా!) ‘కౌతుక చింతామణి’లోని బాణసంచా ప్రస్తావనలను ఆయన అందులో పరిశీలించారు.

పాత పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పొటాషియం క్లోరేటునూ గంధకాన్నీ కలిపే పద్ధతులు వాటిలో నిస్సంకోచంగా కనిపిస్తాయి. చిన్న రాపిడికే అంటుకునే ఆ మిశ్రమాన్ని మన దేశంలో 1992లోనే నిషేధించారు. లైసెన్సు లేకుండా ఇంట్లో తయారుచేయడం ఎలాగూ నేరమే కనుక, ఈ అభిరుచిని చదువుకే పరిమితం చేసుకోండి.

వెతకడానికి ముందుగా మీ ఊళ్లోనే 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయంలో విచారించండి. ఆంగ్ల శాస్త్రగ్రంథాల కోసం కాకతీయ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అడగవచ్చు.