లా చదవకుండా ఇంగ్లండ్‌లో మేజిస్ట్రేట్ కావచ్చా?

“ఇంగ్లండ్‌లో ఐటీ ఉద్యోగం. చట్టం ముక్క రాదు. మామూలు మనుషులు కూడా మేజిస్ట్రేట్‌గా కూర్చోవచ్చని ఆఫీసులో ఒకాయన అన్నాడు. నిజమేనా? మన యాసతో మాట్లాడేవాళ్లని తీసుకుంటారా?” అని అడిగారు.

నిజమేనండి, తీసుకుంటారు కూడా. లీడ్స్ దగ్గర ఫార్మసిస్టుగా పనిచేస్తూనే నేను కొన్నేళ్లు బెంచి మీద కూర్చున్నాను. అమ్మ కోసం తరచూ గుంటూరు రావాల్సి వస్తుండటంతో ఈమధ్యే మానుకున్నాను. పదవిలో ఉండగా మేజిస్ట్రేటునని చెప్పుకుని ఆన్‌లైన్‌లో రాయకూడదు, అందుకే ఇన్నాళ్లూ ఇలాంటి ప్రశ్నలకు జవాబివ్వలేదు.

మన దగ్గర మేజిస్ట్రేట్ అంటే లా చదివి, పరీక్ష రాసి వచ్చిన జడ్జి. ఇంగ్లండ్, వేల్స్‌లో 1361 నాటి చట్టం దగ్గర్నుంచి ఆ ప్రాంతపు మనుషులే ఈ పని చేస్తున్నారు. ఒకప్పుడు భూస్వాములదే రాజ్యం. ఆడవాళ్లకు దారి దొరికింది 1919 చివర్లోనే. ఇప్పుడు టీచర్లు, బస్సు డ్రైవర్లు, నర్సులు, ఇంటిపట్టున ఉండే తల్లులు, అందరూ ఉన్నారు. ఇదేదో అలంకారప్రాయమైన పదవి అనుకోకండి. ప్రతి క్రిమినల్ కేసూ మొదట ఈ కోర్టుకే వస్తుంది, నూటికి 90కి పైగా ఇక్కడే తేలిపోతాయి. కొన్ని రకాల నేరాలకు ఒక్కోదానికి 12 నెలల దాకా జైలు వేసే అధికారం ఉంది.

చట్టం తెలియదన్న బెంగ అక్కర్లేదు. మామూలుగా ముగ్గురు మేజిస్ట్రేట్లు కలిసి కూర్చుంటారు. ముందు లీగల్ అడ్వైజర్ ఉంటారు, ఆయన లాయరు. చట్టం ఏమంటుందో, మీకున్న అధికారం ఎంతవరకో ఆయన చెబుతారు. నిర్ణయంలో మాత్రం ఆయన వేలు పెట్టరు. శిక్షలకు అచ్చయిన మార్గదర్శకాలున్నాయి: జరిమానా మనిషి వారం ఆదాయాన్ని బట్టి లెక్కకడతారు, మొదటి వాయిదాలోనే నేరం ఒప్పుకుంటే సాధారణంగా మూడో వంతు తగ్గిస్తారు.

అసలు కష్టం వేరే చోట ఉంది. తరచూ వచ్చే రకం కేసు ఒకటి చెబుతాను. డెలివరీ వ్యాన్ నడిపే మనిషికి మూడేళ్లలో లైసెన్సు మీద 12 పాయింట్లు (ట్రాఫిక్ తప్పులకు వేసే మార్కులు) పడ్డాయి. రూలు ప్రకారం కనీసం ఆరు నెలలు బండి నడపకూడదు. “నా ఉద్యోగం పోతుంది, మా అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లేది నేనే” అంటాడు. ప్రమాణం చేసి చెబుతాడు, ప్రాసిక్యూటర్ ఎదురుప్రశ్నలు వేస్తారు. ముగ్గురం లోపలి గదిలోకి వెళ్తాం. ఉద్యోగం పోవడం ఒక్కటే చాలదు, ఎందుకంటే లైసెన్సు పోతే చాలామందికి కలిగే కష్టమే అది. మామూలును మించిన కష్టం ఉందా అన్నదే ప్రశ్న. అమ్మకు వేరే దారి ఉందా? ఆస్పత్రి వాహనం వస్తుందా? చెప్పినదానికి కాగితం ఏమైనా చూపించాడా? మా దగ్గర అందరికంటే కొత్తవారిని ముందు మాట్లాడమనేవాళ్లు, సీనియర్ మాటకు తలూపకుండా ఉండటానికి. ముగ్గురి ఓటుకూ ఒకటే విలువ. బయటికొచ్చాక, ఎందుకలా నిర్ణయించామో ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లో అందరి ముందూ చెప్పాలి. మనిషి మీద జాలి వేసినా, చిరాకు పుట్టినా, దాన్ని పక్కనపెట్టి కారణం వెతకడం నేను అక్కడే నేర్చుకున్నాను. దీనికి లా డిగ్రీ పనికిరాదు, ఓపిగ్గా వినే గుణం కావాలి.

యాస సంగతి. స్పష్టంగా, నెమ్మదిగా మాట్లాడితే చాలు. దుబాసీని పక్కన పెట్టుకుని బోనులో బిక్కుబిక్కుమంటూ నిలబడే మనుషులు చాలామందే వస్తారు. పరాయి భాషలో బతుకు మొదలుపెట్టిన మనకు ఆ బిక్కమొహం వెంటనే తెలుస్తుంది. మీలాంటివాళ్లు రావాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే. ఒక్క జాగ్రత్త: మన తెలుగువాళ్ల గుంపు చిన్నది. సంక్రాంతి సంబరాల్లో పక్కన కూర్చుని భోంచేసినాయన కేసు లిస్టులో కనిపిస్తే, వెంటనే అడ్వైజర్‌కి చెప్పి ఆ కేసు నుంచి తప్పుకోవాలి.

వయసు 18 నుంచి 74 లోపు ఉండాలి. బ్రిటిష్ పౌరసత్వం తప్పనిసరి కాదు గానీ రాజుగారికి విధేయతా ప్రమాణం చేయాలి, భగవద్గీత మీద చేయవచ్చు. పోలీసు ఉద్యోగం లాంటివి కుదరవు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ఒక పరీక్ష, స్థానిక సలహా కమిటీ ఇంటర్వ్యూ ఉంటాయి. ఇంటర్వ్యూలో చట్టం అడగరు, ఒక పరిస్థితి ఇచ్చి మీరెలా ఆలోచిస్తారో చూస్తారు. తర్వాత శిక్షణ, తోడుగా అనుభవమున్న ఒక మెంటర్. మొత్తం తంతుకి నెలలు పడుతుంది, ఓపిక పట్టండి.

జీతం లేదు. దారిఖర్చులు ఇస్తారు, పోయిన జీతానికి కొంత భత్యం అడగవచ్చు. ఏడాదికి కనీసం 13 రోజులు, కనీసం అయిదేళ్లు చేయగలగాలి. ఇందుకు తగినంత సెలవివ్వాలని 1996 నాటి ఉద్యోగ హక్కుల చట్టం యజమానికి చెబుతోంది, ఆ రోజులకు జీతమివ్వాలని మాత్రం లేదు. కాబట్టి దరఖాస్తుకు ముందే మేనేజర్‌తో మాట్లాడండి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు: మన దేశంలో దీనికి దగ్గరగా కనిపించేది, నేరం చేశారన్న ఆరోపణ వచ్చిన పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు. 2015 చట్టం ప్రకారం మేజిస్ట్రేట్ పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు, వారిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. పిల్లల ఆరోగ్యం, చదువు, సంక్షేమంలో ఏడేళ్లు పనిచేసినవారు అర్హులు.

మీరు మాత్రం ఫారం ముట్టుకునేముందు మీకు దగ్గరి మేజిస్ట్రేట్ కోర్టుకు రెండు మూడు సార్లు వెళ్లి చూడండి. ఎలాగూ దరఖాస్తుకు ముందు చూసి రమ్మంటారు. పనిరోజుల్లో పదింటికి మొదలవుతుంది, టికెట్టూ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లల కోర్టు, ఫ్యామిలీ కోర్టుల్లోకి మాత్రం బయటివాళ్లని రానివ్వరు. అక్కడ కూర్చుని, ఒక్కో కేసుకు మీరైతే ఏం చేసేవారో కాగితం మీద రాసుకోండి, ఆ పక్కనే ఎందుకో కూడా.