టెక్ సందేహాలు: వినైల్ రికార్డులు కొనడం ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: పాటలన్నీ ఫోన్‌లో స్ట్రీమింగ్‌లోనే వింటాను. మంచి హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఈ మధ్య వినైల్ రికార్డుల మీద మనసు పడింది. సూట్‌కేసులా మూసి పట్టుకెళ్లే ప్లేయర్ ఒకటి చూశాను, స్పీకర్లు అందులోనే ఉన్నాయి. రికార్డుల్లో సౌండ్ నిజంగా బాగుంటుందా? ఏమీ తెలియని నాలాంటివాళ్లు ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టొచ్చు. కాకపోతే సౌండ్ మెరుగ్గా ఉంటుందనే ఒక్క ఆశతో మాత్రం వద్దు. కొత్తవాళ్ల డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఆ ఆశ వల్లే. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

కొలతల్లో చూస్తే వినైల్ వెనకబడే ఉంటుంది. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ, అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ తేడా పట్టుకోగలదు. మంచి రికార్డులో మామూలుగా అది 60, 70 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. దుమ్ము వల్ల వచ్చే టిక్‌టిక్‌లు దీనికి అదనం. ఇంకో ఇబ్బంది రికార్డు ఆకారంలోనే ఉంది. 12 అంగుళాల ఎల్పీ (ఆల్బమ్ మొత్తం పట్టే పెద్ద రికార్డు) నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది, మొదటి పాటకైనా చివరి పాటకైనా అదే వేగం. కానీ బయటి అంచు దగ్గర సూది కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి కదిలిపోతే, లోపలి పాటల దగ్గరికి వచ్చేసరికి 20 సెంటీమీటర్లే కదులుతుంది. సంగీతం తగ్గలేదు, చోటు మాత్రం సగానికన్నా తగ్గింది. అందుకే ఒక్కోవైపు ఆఖరి పాటలో ‘స’, ‘ష’ అక్షరాలు గీరుకుపోయినట్టు వినిపిస్తాయి. సూది నాణ్యత తక్కువైనకొద్దీ ఈ తేడా ఎక్కువవుతుంది.

మరి రికార్డులే బాగుంటాయని అంతమంది అంటున్నారే, అదంతా భ్రమేనా? కాదు. 1990ల నుంచి చాలా ఆల్బమ్‌ల డిజిటల్ మాస్టర్లను (కాపీలు తీసే తుది ప్రతులను) గట్టిగా వినిపించాలని బాగా అణచి తయారుచేశారు. మెల్లగా పాడిన చోటు, గొంతెత్తిన చోటు దాదాపు ఒకే స్థాయిలో వినిపిస్తాయి. అదే ఆల్బమ్‌కు వినైల్ కోసం విడిగా జాగ్రత్తగా మాస్టర్ చేస్తే పాటకు ఊపిరాడుతుంది. ఆ తేడా చెవికి తెలుస్తుంది కూడా. అయితే ఆ ఘనత మాస్టరింగ్ ఇంజినీర్‌ది, ప్లాస్టిక్ పళ్లేనిది కాదు. దీనికి మంచి రుజువు 2022లో దొరికింది. పూర్తిగా అనలాగ్ పద్ధతిలో తయారవుతాయని కొనేవాళ్లు నమ్ముతూ వచ్చిన మొబైల్ ఫిడెలిటీ సంస్థ రికార్డుల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ దశ ఉందని ఆ ఏడాది బయటపడింది. ఏళ్ల తరబడి వాటిని విని మెచ్చుకున్న అనుభవజ్ఞులకు ఆ సంగతి చెవితో తెలియలేదు. ఆ రికార్డులు అప్పుడూ బాగున్నాయి, ఇప్పుడూ బాగున్నాయి. డిజిటల్ తగిలితే పాట చెడిపోతుందన్న నమ్మకమే నిలబడలేదు.

ఇంత చెప్పి కూడా మొదలుపెట్టొచ్చని ఎందుకంటున్నానంటే, రికార్డు మీరు వినే పద్ధతిని మార్చేస్తుంది. ఒక్కోవైపు ఇరవై నిమిషాల చిల్లర ఉంటుంది. మధ్యలో పాట మార్చాలంటే లేచి వెళ్లి సూది ఎత్తాలి. అంత శ్రమ ఎందుకులే అని వింటూ కూర్చుంటాం. ఫోన్‌లో అయితే పది సెకన్లకే దాటేసే పాట, రికార్డులో నాలుగోసారి విన్నాక ఇష్టమైపోవడం మామూలే. పైగా స్ట్రీమింగ్‌లో మీరు దాచుకున్న ఆల్బమ్ ఒప్పందాలు మారితే రేపు కనిపించకపోవచ్చు. కొన్న రికార్డు ఎక్కడికీ పోదు. నాకు వినైల్ మీద ఉన్న ఇష్టమంతా ఈ రెండు విషయాల వల్లే.

కాబట్టి కొనేముందు ఒక పని చేయండి. మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో ఏదీ దాటేయకుండా మీరు మళ్లీమళ్లీ విన్న ఆల్బమ్‌ల పేర్లు రాయండి. పది వస్తే మొదలుపెట్టండి, మీ మొదటి పది రికార్డులు అవే. మూడు దగ్గరే ఆగిపోతే మీరు పాటల ప్రియులు, ఆల్బమ్‌ల ప్రియులు కాదు. అందులో తప్పేం లేదు. అదే డబ్బుతో మంచి స్పీకర్లు కొనుక్కుంటే ఎక్కువ సంతోషపడతారు.

ఇక ఆ సూట్‌కేస్ ప్లేయర్. దాన్ని కొనొద్దనే చెబుతాను. ఎందుకో తెలియాలంటే గాడిలోకి తొంగిచూడాలి. రికార్డు మీద ఒక్కోవైపు ఉండేది ఒకే ఒక్క పొడవాటి గాడి, బయటి నుంచి లోపలికి చుట్టుకుంటూ వెళ్తుంది. స్టీరియో రికార్డులో గాడి లోపలి గోడ మీద ఎడమ చానల్, బయటి గోడ మీద కుడి చానల్ చెక్కి ఉంటాయి. ఆ రెండు గోడల మధ్య వజ్రపు మొన ఉన్న సూది అటూఇటూ, పైకీ కిందికీ ఊగుతూ పోతుంది. మంచి ప్లేయర్లలో ఆ సూది నొక్కే బరువు సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు. సూట్‌కేస్ ప్లేయర్లలో ఎక్కువగా వాడే సిరామిక్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని దాని కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) అయితే 5 గ్రాముల దరిదాపుల్లో నొక్కుతుంది, దాన్ని తగ్గించే ఏర్పాటు కూడా ఉండదు. ఒక్కసారి వేస్తే రికార్డు పాడైపోతుందని భయపెట్టేవాళ్లూ ఉన్నారు, అంత లేదు. కానీ ఇష్టమైన రికార్డును వందసార్లు వేస్తారు కదా, అరుగుదల అక్కడ లెక్కలోకి వస్తుంది. దానికన్నా ముందే తగిలే చిక్కు ఇంకోటి ఉంది. స్పీకర్లు అదే పెట్టెలో ఉండటం వల్ల వాటి అదురు సూదికి తగులుతుంది. డ్రమ్స్ గట్టిగా మోగిన చోట సూది ఎగిరి గాడి పక్క చుట్టులో పడుతుంది. కొత్తవాళ్లు రికార్డు బాగోలేదని తిరిగిచ్చేస్తారు, తప్పు ప్లేయర్‌ది.

ప్లేయర్ ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండే. సూదిని మోసే చేయి, అంటే టోన్‌ఆర్మ్ వెనక తిప్పడానికి వీలుగా కౌంటర్‌వెయిట్ (సూది నొక్కే బరువును సర్దే దిమ్మ) ఉండాలి. సూది అరిగినప్పుడు దాన్నొక్కదాన్నే మార్చుకునే వీలుండాలి. బెల్టుతో తిరిగేదా, మోటారే నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవా అనే చర్చ మొదటి ప్లేయర్ విషయంలో పెట్టుకోకండి, రెండింటిలోనూ మంచివి ఉన్నాయి. ఉన్న డబ్బులో సూదికి, స్పీకర్లకు ఎక్కువ కేటాయించి, మెరుపులకు తక్కువ పెట్టండి.

కౌంటర్‌వెయిట్ సర్దడం అంటే చాలామందికి టెన్షన్. నిజానికి అది పది నిమిషాల పని. ముందు యాంటీ-స్కేట్ (తిరిగే రికార్డు సూదిని లోపలికి లాగకుండా ఆపే ఏర్పాటు) మీటను సున్నాకు తిప్పండి. సూదికున్న మూత తీసి, మొన దేనికీ తగలకుండా చూసుకుంటూ, టోన్‌ఆర్మ్‌ను దాని స్టాండు మీంచి విడిపించండి. వెనక బరువును కొంచెంకొంచెంగా తిప్పుతూ పోతే, ఒక చోట ఆర్మ్ పైకీ లేవకుండా కిందికీ వాలకుండా గాల్లో సమంగా నిలుస్తుంది. అక్కడ ఆర్మ్‌ను మళ్లీ స్టాండు మీద పెట్టి, బరువును కదపకుండా దాని ముందున్న అంకెల చక్రాన్ని మాత్రం సున్నా దగ్గరికి తేవాలి. ఇప్పుడు రెండూ కలిపి, కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన అంకె దాకా తిప్పండి. 2 గ్రాములు అంటే 2 దాకా. యాంటీ-స్కేట్ కూడా అదే అంకెకు పెట్టండి. మరీ తక్కువ బరువు పెడితే గాడికి మంచిదనుకుంటారు కొందరు, అది పొరపాటు. బరువు చాలకపోతే సూది గాడిలో గెంతుతూ గోడల్ని దెబ్బతీస్తుంది.

కొత్తవాళ్లు మర్చిపోయేది ఫోనో ప్రీయాంప్, అంటే ప్లేయర్ సిగ్నల్‌ను పెంచి సరిచేసే పరికరం. మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ 5 మిల్లీవోల్టులకు అటూఇటూ, దాన్ని దాదాపు వంద రెట్లు పెంచితే గానీ మామూలు స్పీకర్లకు సరిపోదు. పైగా గాడి చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి చెక్కుతారు. అలా చేయకపోతే బేస్ ఊపులకు గాడి వెడల్పైపోయి ఒక్కోవైపు పట్టే నిడివి తగ్గిపోతుంది. 1954 నుంచి దీనికి ఆర్‌ఐఏఏ అనే ఒకే ప్రమాణం ఉంది. వినేటప్పుడు దాన్ని తిరగేసేది ఈ ప్రీయాంప్. ప్లేయర్ తెచ్చి నేరుగా స్పీకర్లకు కలిపి, సౌండ్ సన్నగా రేకు డబ్బాలోంచి వచ్చినట్టుందని బాధపడేవాళ్లకు లోపం ఇదే. చాలా కొత్త ప్లేయర్లలో ప్రీయాంప్ లోపలే ఉంటుంది, కొనేముందు అడగండి. మీ హెడ్‌ఫోన్స్ బ్లూటూత్‌వి అయితే బ్లూటూత్ ఉన్న ప్లేయర్లు కూడా దొరుకుతాయి. వాటిలో పాట చివరికి డిజిటల్‌గానే చెవికి చేరుతుంది. పైన చెప్పిన కారణంతో నాకు దాని మీద అభ్యంతరం లేదు, వైరు పెట్టుకునే దారి కూడా ఉంటే చాలు.

ప్రశ్న: పాత రికార్డులు కొనడం మంచిదా, కొత్తవా? 180 గ్రాముల రికార్డులు బాగుంటాయంటున్నారు, నిజమేనా?

బరువైన రికార్డు చేతికి బాగుంటుంది, వంకర పోయే అవకాశం కొంత తక్కువ. సౌండ్‌కు దానితో పెద్దగా సంబంధం లేదు. రంగుల రికార్డులు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. బొమ్మ అచ్చేసిన పిక్చర్ డిస్కులు మాత్రం మామూలుగా ఎక్కువ బరబరలాడతాయి, అవి గోడకే అందం.

పాతవాటిలో మంచివి దొరుకుతాయి, కళ్లతో చూసి కొంటే. అమ్మేవాళ్లు వాడే గ్రేడ్లలో, మేలైనదాని నుంచి కిందికి, మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్ అనేవి ముఖ్యం. ఇందులో ‘గుడ్’ అంటే బాగుందని కాదు, బాగా అరిగిందని అర్థం. ‘వెరీ గుడ్’ అన్నదానిలో కూడా రణగొణ ఉంటుంది. వినడానికి కొనేవాళ్లు వెరీ గుడ్ ప్లస్ కంటే కిందికి దిగకపోవడం మేలు. చేతికి వచ్చాక, అంచులనూ మధ్య లేబుల్‌నూ మాత్రమే పట్టుకుని, ఒక దీపం కింద రికార్డును ఏటవాలుగా తిప్పి చూడండి. వెంట్రుకల్లా కనిపించే సన్నటి గీతలు కవర్లోంచి తీసిపెట్టడం వల్ల వచ్చేవి, వాటితో భయం లేదు. గోరు కొస తగిలి ఆగే గీత ఉంటే సూది కూడా అక్కడ తడబడొచ్చు. గాడులు నిగనిగలాడకుండా బూడిద రంగులో మాసినట్టుంటే బరువైన సూదితో అరగ్గొట్టినట్టు లెక్క, ఎంత కడిగినా ఆ పాట తిరిగి రాదు. ఆఖరి పాటకీ లేబుల్‌కీ మధ్య ఖాళీ వలయంలో అక్షరాలు, అంకెలు గీసి ఉంటాయి. అది ఏ ముద్రణో గుర్తించడానికి అవే ఆధారం. డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైట్‌లో వాటితో వెతికితే చాలావరకు తెలిసిపోతుంది.

ప్రశ్న: కొని దాచుకుంటే విలువ పెరుగుతుందా? ఈ మోజు పోయాక సూదులు దొరుకుతాయా?

మొదటిదానికి, ఆ ఆలోచనతో మొదలుపెట్టకండి. విలువ పెరిగేవి కొన్నే. అవీ ఏ ముద్రణ, ఏ స్థితి అన్నదాన్ని బట్టే. మళ్లీ అచ్చేస్తే కొన్నిటి ధర పడిపోతుంది. వినేవాళ్లకు ఆ మళ్లీ అచ్చేయడం శుభవార్తే.

రెండోదానికి దిగులు అక్కర్లేదు. అమెరికాలో 2022లో 4.1 కోట్ల వినైల్ రికార్డులు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్లు. సంఖ్యలో సీడీని వినైల్ దాటడం 1987 తర్వాత అదే మొదటిసారి. ఇంత అమ్మకం ఉన్నచోట సూదులు చేసేవాళ్లు ఉంటారు. మొన ఆకారాన్ని బట్టి ఒక సూది 300 నుంచి 1000 గంటలు నడుస్తుంది. రోజుకో గంట వినే అలవాటైతే ఏడాదికో, రెండు మూడేళ్లకో మార్చాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. చోటు, బరువు కూడా. కవర్లతో కలిపి వంద రికార్డులు పాతిక కిలోల దరిదాపుల్లో తూగుతాయి, పలచటి చెక్క అర అంత మోయలేదు. నిలువుగా, ఎండ తగలని చోట పెట్టాలి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే వంగిపోతాయి.

ప్రశ్న: ఇంట్లో పెద్దలు దాచిన పాత 78 రికార్డులు ఉన్నాయి. కొత్త ప్లేయర్ కొంటే వాటినీ వేయొచ్చా?

నేరుగా వేయొద్దు. వాటిలో చాలామటుకు వినైల్ కాదు, లక్కతో చేసినవి. చేయి జారితే పగిలిపోతాయి. గాడి వెడల్పు ఎక్కువ, ఎల్పీ సూది అడుగున పడి దొర్లుతుంది. నిమిషానికి 78 సార్లు తిరిగే వేగం ఉన్న ప్లేయర్, దానికి 78ల కోసం చేసిన వెడల్పాటి సూది కావాలి. చాలా కొత్త ప్లేయర్లలో 33, 45 వేగాలే ఉంటాయి, ఇది చూసుకుని కొనండి. శుభ్రం చేయడానికి వినైల్‌కు అమ్మే ద్రావణాలు వాడేముందు సీసా మీద చదవండి. ఆల్కహాల్ ఉంటే లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో గాడి వెంబడి తుడిచి, పూర్తిగా ఆరాక, మొదటిసారి వేస్తున్నప్పుడే కంప్యూటర్‌లోకి రికార్డు చేసి పెట్టుకోండి. ఎంపీ3 కాకుండా, నాణ్యత తగ్గని వేవ్ లేదా ఫ్లాక్ ఫైలుగా దాస్తే తర్వాత గరగరలు తగ్గించుకోవడానికి వీలుంటుంది.