ఆదివారం రాత్రి మొదలయ్యే కడుపునొప్పి

ప్రశ్న: మాది నల్లగొండ. మా ఆయన దేవరకొండ వైపు ఒక తండా స్కూల్లో ఎస్జీటీ, అంటే ప్రైమరీ టీచర్. సర్వీసు 14 ఏళ్లు. అక్కడ ఉన్నది ఇద్దరే, ఈయన, హెచ్‌ఎం మేడమ్. ఏడాదిగా ఆదివారం రాత్రి నిద్రపోరు, తెల్లారితే కడుపునొప్పి అంటారు. పరీక్షల్లో ఏమీ తేలలేదు. జ్వరమని మేడమ్‌కు నేనే ఫోన్ చేసి చెప్తున్నా. సీఎల్స్ (క్యాజువల్ లీవులు) అయిపోవచ్చాయి. లాంగ్ లీవ్ పెట్టమంటే మేడమ్ ఒక్కతే అయిపోతుందంటారు. అత్తమ్మేమో ‘సర్కారు నౌకరికి టెన్షనేంది, యాదగిరిగుట్టకు పోయొస్తే అదే పోతది’ అంటుంది.

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్లు ఆపండి. ప్రేమతోనే చేస్తున్నారు, కానీ మీరు చెప్పే జ్వరాల చాటున అసలు జబ్బు ముదురుతోంది. లీవు ఆయనే అడగాలి. ‘ఒంట్లో బాగాలేదు మేడమ్’ అంటే చాలు, అబద్ధమూ కాదు.

ఆ కడుపునొప్పి నాటకం కాదు. ఆందోళన ముదిరితే కడుపులో, గుండెదడలో, నిద్రలో బయటపడుతుంది. స్కానింగ్‌లో దొరకదు.

మేడమ్ గురించి ఆయన బాధ నిజమే. పనిమీద పట్టింపు ఉన్న టీచర్లే అలా అంటారు. కానీ పొద్దున ఎనిమిదింటికి ఫోన్ వస్తే ఆమె మాత్రం ఎవరిని పిలుస్తుంది? ఐదు తరగతులూ, మధ్యాహ్న భోజనమూ, ఆన్‌లైన్‌లో ఎక్కించే వివరాలూ ఆ రోజంతా ఆమె నెత్తినే. రెండు నెలల లీవని ముందే తెలిస్తే, వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద ఇంకో టీచర్‌ను పంపమని ఎంఈఓను (మండల విద్యాధికారిని) అడగొచ్చు. వెంటనే ఇస్తారన్న హామీ లేదు గానీ, ఒక్కరోజు సీఎల్‌కు ఆ అడగడం కూడా ఉండదు. అంటే ఆయన విడివిడిగా పెట్టే లీవులే మేడమ్‌కు ఎక్కువ భారం. ఈ సంగతి ఆయనకు నెమ్మదిగా చెప్పి చూడండి.

జీతం భయం వద్దు. హాఫ్ పే లీవు, అంటే సగం జీతం సెలవు, ఏడాదికి 20 రోజుల చొప్పున జమవుతుంది. ఇంతవరకు వాడకపోతే ఆయన ఖాతాలో 280 ఉంటాయి. డాక్టర్ సర్టిఫికెట్‌తో వాటినే కమ్యూటెడ్ లీవుగా పెడితే పూర్తి జీతం వస్తుంది, ఒక రోజు సెలవుకు ఖాతాలో రెండు హాఫ్ పే లీవులు తగ్గుతాయి. చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి.

లీవు పెట్టి మంచం మీద పడుకుంటే మాత్రం లాభం లేదు. నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. మాత్రలు రాస్తే గుణం తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పనిచేయట్లేదని మధ్యలో మానేయనివ్వకండి. చికిత్స వివరాలు బయటికి చెప్పకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే ఉంది.

ఇంకొకటి, ఈ రాత్రే అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాట్లాడడానికి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

అత్తమ్మతో వాదన దేనికి? గుట్టకు పోయి రండి, మాత్రల డబ్బా మాత్రం వెంట ఉండాలి. తిరిగి డ్యూటీలో చేరే తేదీ డాక్టర్‌ను అడిగి గురువారానికి పెట్టించుకోండి. మొదటి వారం మూడు రోజులకే అయిపోతుంది.