ప్లేనోలో నేరాలు తక్కువ కదా, పిల్లలకు డ్రగ్స్ భయం ఉండదా?

ఉంటుంది. డాలస్ శివార్లలోని ప్లేనో జనాభా 1960లో నాలుగు వేలు కూడా లేదు, 2020 నాటికి 2,85,000 దాటింది. మంచి స్కూళ్లు, పెద్ద కంపెనీలు, చదువుకున్న కుటుంబాలు. మన తెలుగువాళ్లూ బాగానే ఉన్నారు. ఇంత పెద్ద నగరాల్లో నేరాలు బాగా తక్కువగా ఉండేవాటిలో ఇదొకటి.

అయినా 1990ల చివర్లో ఇక్కడ పదిమందికి పైగా కుర్రాళ్లు హెరాయిన్‌తో చనిపోయారు. దాన్ని 'చివా' అనే పేరుతో క్యాప్సూల్స్‌లో అమ్మేవారు. ముక్కుతో పీల్చేదే కదా, సూది లేదు కదా అని పిల్లలు ధైర్యంగా తీసుకున్నారు. అది హెరాయిన్ అని కొందరికి తెలియనే తెలియదు. 1998లో ఫెడరల్ కేసులు పెట్టి అమ్మేవాళ్లను పట్టుకున్నారు. పక్కనున్న కారల్టన్‌లో 2023 ప్రాంతంలో ఫెంటనిల్ (హెరాయిన్ కన్నా చాలా బలమైన మత్తుమందు) కలిపిన నకిలీ మాత్రలు స్కూలు పిల్లల ప్రాణాలు తీశాయి.

నేరాల లెక్క పోలీసుల దాకా వెళ్లినవాటిదే. గదిలో మాత్ర మింగే పిల్లాడు, రోజూ రాత్రి ఇంట్లోనే తాగే తండ్రి ఆ లెక్కలోకి రారు. పరువు పోతుందన్న టెన్షన్‌తో డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లని ఇళ్లను తలుచుకుంటే నాకు చాలా బాధేస్తుంది.

కాబట్టి ఇల్లు వెతికేటప్పుడు క్రైమ్ రేటు చూడండి, కానీ పిల్లలతో మాట్లాడటం మానొద్దు. హెరాయిన్, ఫెంటనిల్ లాంటివి ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే ముక్కులో కొట్టే విరుగుడు, నలోక్సోన్ స్ప్రే, ప్రిస్క్రిప్షన్ లేకుండానే ఫార్మసీలో దొరుకుతుంది, ఒకటి ఇంట్లో ఉంచుకోండి. స్ప్రే చేశాక మనిషి లేచి కూర్చున్నా 911కి ఫోన్ చేయాల్సిందే. స్ప్రే ప్రభావం తగ్గాక ఊపిరి మళ్లీ ఆగిపోవచ్చు.